నొప్పి పోయిన కాలు

మల్కాపురం, విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నీ చెల్లి గౌరి దండం పెట్టి రాస్తున్న సంగతులు. అమ్మ ఎలా ఉంది? కంట్లో చుక్కల మందు రోజూ వేయించుకుంటోందా, లేక "నాకేటయ్యింది, నాను బాగానే ఉన్నాను" అని సీసా గూట్లో పెట్టేసిందా? వదిన నడుం నొప్పి తగ్గిందా? పిల్లలు బడి మానకుండా వెళ్తున్నారా? ఎర్రావు ఈనిందో లేదో మొన్న ఫోన్లో అడగడం మరిచిపోయాను. ఇక్కడ నేనూ, మీ బావగారూ, చిన్నదీ బాగున్నాం. అమ్మ నమ్మదు కానీ నిజంగానే బాగున్నాం. వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. మా గురించి దిగులు పెట్టుకోవద్దని ఆమెకి గట్టిగా చెప్పు.

ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వకు. మన ఇంట్లో ఫోనంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వినే రేడియో. మొన్న నువ్వు నీ కాలి సంగతి అడిగినప్పుడు అమ్మ పక్కనే ఉంది, వదిన పక్కనే ఉంది. నేను ఒక మాట అంటే అమ్మ భయపడుతుంది, ఇంకో మాట అంటే వదిన ఆశపడుతుంది. అందుకే "కనుక్కుని చెబుతానులే" అని పెట్టేశాను. ఆ కాలికి ఆపరేషను చేయించుకోవచ్చా అని నువ్వు అడిగిన దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను. ఇది నువ్వొక్కడివే చదువుకో. తర్వాత నీకు తోచింది వాళ్ళకి చెప్పు.

ముందు మా సంగతులు. ఎండలు తగ్గి వానలు పట్టాయి. ఇక్కడి వాన మన వానలా ఉండదు. సముద్రం మీద నుంచి గోడలా కదిలి వస్తుంది. డాబా మీద బట్టలు తీసేలోపు తడిపేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. రిఫైనరీ వాసనకి మొదట్లో తల తిరిగేది. ఇప్పుడు నాకు తెలియడం లేదు, మీరెవరైనా వస్తే చెప్పాలి. మీ బావగారు పోర్టులో క్రేను కొక్కేలకి సరుకు తగిలించే పనిలోనే ఉన్నారు. ఒకరోజు మమ్మల్ని ఓడ చూపించడానికి తీసుకెళ్ళారు. అన్నయ్యా, మన వీధి వీధంతా లేచి నీళ్ళ మీద నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకో. అంత ఇనుము మునగకుండా ఎలా తేలుతుందని అడిగితే, "నాకూ తెల్దు గౌరీ, రోజూ సూస్తన్నాను, రోజూ అదే ఆలోసిస్తన్నాను" అన్నారు.

ఆయన షిఫ్టులో ఉన్నప్పుడు మాత్రం ఇల్లు బోసిపోతుంది. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే. అయినా, మన ఊళ్ళోలా కూర వండితే పక్కింట్లోంచి గిన్నె పట్టుకుని గోడ దూకి వచ్చే వదిన ఇక్కడ ఎవరున్నారు? చోడిపిండి అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం పంపించు. కొట్లో రాగిపిండి అని అమ్మేదానితో అంబలి కాస్తే చిన్నది మూతి తిప్పుతోంది.

నా ఉద్యోగం సంగతి నీకు సగమే చెప్పాను. ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదిలో సాయం చేస్తున్నానని మీకు తెలుసు. అసలు పని ఏమిటంటే పెద్దవాళ్ళకి మళ్ళీ నడక నేర్పడం. మా డాక్టరుగారు పాదాలకీ చీలమండలకీ మాత్రమే ఆపరేషన్లు చేస్తారు. ఆయన బల్ల మీద ప్లాస్టిక్ పాదం ఎముకల బొమ్మ ఒకటి ఉంటుంది. మొదటిరోజు దాన్ని చూసి నేను నోరు తెరిచాను. పాదం అంటే ఒక ముద్ద అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది గులకరాళ్ళు పేర్చినట్టుంది. అన్ని చిన్న ముక్కల మీద ఇంత మనిషి, నెత్తి మీద బరువుతో, గట్ల మీదా బురదలోనూ పడిపోకుండా నడుస్తున్నాడంటే, నడవడమే ఒక వింత అనిపించింది. ఆ పూట ఇంటికి నడుచుకుంటూ వస్తూ నా పాదాలనే చూసుకున్నాను.

ఇక నీ ప్రశ్నకి వస్తాను. దానికి బదులుగా నీకు పోలమ్మ సంగతి చెప్పాలి.

పోలమ్మది భీమిలి దగ్గర పల్లె. సముద్రం ఒడ్డునే ఇల్లు. మొగుడు పోయాడు. కూతురు నూకరత్నం దగ్గర ఉంటుంది. పడవలు వచ్చేసరికి ఒడ్డుకి వెళ్ళి, వేలం పాటలో చేపలు కొని, గంపకెత్తుకుని, బస్సెక్కి వచ్చి వీధులు తిరిగి అమ్మడం ఆమె పని. కొన్నేళ్ళ కిందట బస్సు మెట్టు మీద నుంచి జారి చీలమండ విరిగింది. నీలాగే నాటుకట్టు కట్టించుకుంది. నీలాగే నయం కాకముందే లేచి తిరిగింది. ఎముక ఎలాగో అతుక్కుంది కానీ, కీలు అరగడం మొదలుపెట్టింది. మా దగ్గరికి వచ్చేనాటికి ఒక వీధి తిరగడానికి అరుగు అరుగునా ఆగుతోంది. గంప దించుకోవడానికి మనిషి కావాలి, ఎత్తుకోవడానికి మనిషి కావాలి.

డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"పోలమ్మా, ఈ కీలు పూర్తిగా అరిగిపోయింది. కీలు మార్చే ఆపరేషను కూడా ఉంది కానీ, నువ్వు మోసే బరువుకి అది నిలవదు. అందుకని మరలు వేసి ఈ రెండు ఎముకల్నీ ఒక్కటిగా అతికించేస్తాను. నొప్పి తగ్గుతుంది. కానీ చీలమండ ఇంక వంగదు. అర్థమైందా?"

"అయ్యింది బాబూ."

"ఈ కాలితో నీకేం కావాలి? చెప్పు."

"నొప్పి పోవాల. ఇంకేటీ వొద్దు."

నూకరత్నం వెనకనుంచి పొడిచింది. "అమ్మా, ఇంకేటైనా ఉంటే ఇప్పుడే అడుగు."

"ఏటడగమంటావే? దేవుడు ఒక్క వరం ఇత్తానంటే నాలుగడుగుతారేటి?"

డాక్టరుగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట తర్వాత నన్ను ఎన్నిసార్లు తొలిచిందో చెప్పలేను.

ఆపరేషను అయ్యింది. కట్టుతో కాలు కింద పెట్టకుండా వారాల తరబడి ఉండాలి. అంత తిరిగిన మనిషి మంచం మీద ఎలా ఉంటుందా అనుకున్నాను. ఉంది. "ఇన్నేళ్ళు నాను దాని మాట ఇన్నేదు, ఇప్పుడింటాను" అనేది కాలిని చూపించి. కట్టు మార్చడానికి వచ్చినప్పుడల్లా డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే తీయించేవారు. నన్ను పిలిచి చూపించేవారు. మొదట రెండు ఎముకల మధ్య నల్లటి గీత ఉంది. తర్వాతసారి అది మసకబారింది. ఆ తర్వాత, సన్నటి తెల్లటి పోగులు అటునుంచి ఇటు సాగినట్టు కనిపించాయి.

"చూశావా గౌరీ? నేను మరలు బిగించానంతే. అతుక్కోవడం ఎముక చేసుకుంటున్న పని. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ప్రతిసారీ ఆశ్చర్యమే," అన్నారు.

పోలమ్మ పడుకుని వక్క నములుతోంది. లోపల ఆమె ఒళ్ళు ఆమెకి చెప్పకుండానే వంతెన కట్టుకుంటోంది. నాకు ఒళ్ళు జలదరించింది అన్నయ్యా. గుడిలో అనిపిస్తుందే, అలా.

గీత పూర్తిగా పోయిన రోజున ఆమెని నిలబెట్టాం. వాకరు ఇచ్చి నేను ఒక పక్క, నూకరత్నం ఒక పక్క పట్టుకున్నాం. ఆపరేషనయిన కాలు నెమ్మదిగా నేల మీద పెట్టింది. బరువు దాని మీదకి తెచ్చింది. అలాగే నిలబడిపోయింది. ముఖంలో కదలిక లేదు. నాకు భయం వేసింది.

"ఏం పోలమ్మా, నొప్పిగా ఉందా?"

ఇంకో అడుగు వేసింది. ఆగింది. మళ్ళీ ఆ కాలి మీద గట్టిగా నిలబడి, తల వంచి, కిందకి చూసింది. గదిలో ఏదో పోగొట్టుకున్నదానిలా అటూ ఇటూ చూసింది.

"ఏదే? నొప్పేదే?" అంది కూతురితో. "ఇక్కడే ఉండేది కదేటి?"

నూకరత్నం వాకరు వదిలేసి అమ్మని కౌగిలించుకుంది. నడక నేర్పాల్సిన నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అంతకాలం ఒంట్లో కాపురమున్న నొప్పి చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే మనిషి ఎలా ఉంటుందో ఆరోజు చూశాను. ఆమె సంతోషపడలేదు, ముందు వెతుక్కుంది.

ఇక్కడితో ఆపేస్తే నీకు మంచి కబురు రాసినట్టే. అమ్మకి చదివి వినిపించవచ్చు. కానీ ఇంకా ఉంది.

ఆమె ఇంటికి వెళ్ళాక కొన్ని వారాలకి మళ్ళీ చూపించుకోవడానికి వచ్చింది. నన్ను చూసి పలకరించలేదు. నోట్లో వక్క లేదు. బెంచీ చివర కూర్చుని గోడనే చూస్తోంది. నూకరత్నం నా చెవిలో, "ఇంటికాడ ఎవరితోనూ మాటాడతన్నాది కాదమ్మా. సముద్రం కాడికి ఎల్లడం మానేసింది" అంది.

డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి ముచ్చటపడ్డారు. "చాలా బాగా అతికింది. ఇంతకంటే బాగా అతకదు. నొప్పి ఉందా పోలమ్మా?"

"నేదు."

"వాపు?"

"నేదు."

"మరింకేం?"

అప్పుడు తిరిగింది ఆయనవైపు. "నొప్పి నేదు బాబూ. దాంతోపాటు నా సోటు కూడా నేదు."

ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమె చెప్పుకొచ్చింది. పడవలు వచ్చాక చేపల్ని ఇసక మీద కుప్ప పోస్తారట. చుట్టూ ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని, చేతులు పెట్టి తిరగేసి చూసి, పాట పాడతారట. అక్కడ కూర్చున్నవాళ్ళకే పాట. పదేళ్ళ పిల్లగా తల్లి పక్కన కూర్చున్న దగ్గర నుంచి ఆమె చోటు అక్కడే.

"ఇప్పుడు నాను కూకోలేను. గొంతుక్కూకుందామంటే మడమ నేలకి ఆనదు, ఎనక్కి పడిపోతాను. అందరూ కూకుంటే నానొక్కదాన్నే పోలీసోడిలాగ నిలబడాల. ఇసకలో అడుగేత్తే కాలు ఒరిగిపోతాది. సంద్రం కాడ పుట్టి ఇసక మీద నడవలేని మనిసిని అయిపోనాను."

"పోలమ్మా, వంగదని ముందే చెప్పాను కదా," అన్నారు డాక్టరుగారు. కోపంగా కాదు, మెల్లగానే అన్నారు.

"సెప్పేరు. నానెందుకు కాదంటాను? వంగదన్నారు. వంగదంటే కూకోడం పోతాదని నాకేటి తెలుసు బాబూ? నొప్పి ఉన్నప్పుడు కూడా కూకునేదాన్ని. ఏడుత్తా కూకునేదాన్ని. నొప్పి పోతే నవ్వుతా కూకుంటాననుకున్నాను."

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ప్యాంటు కొంచెం పైకి లాక్కుని, బూట్లు విప్పి, మా అందరి ముందూ నేల మీద గొంతుక్కూర్చున్నారు. తన చీలమండ ఎంత వంగిందో వంగి చూసుకున్నారు. లేచి, మళ్ళీ కూర్చున్నారు.

"నిజమే," అన్నారు అక్కడ కూర్చునే. "వంగదు అన్నాను, కూర్చోలేవు అనలేదు. నాకు రెండూ ఒకటే మాట. నీకు కాదు."

పోలమ్మ ఆయన్ని చూసి గాభరా పడింది. "లెగండి బాబూ, మీరలాగ కిందేటి?"

"కూర్చోవడం మాత్రం నేను తెచ్చి ఇవ్వలేను పోలమ్మా. ఇస్తానని అబద్ధం చెప్పను. ఇసక మీద నడక సంగతి మాత్రం చూద్దాం. గౌరీ, నువ్వొకసారి వాళ్ళ ఊరు వెళ్ళి, ఈమె ఎక్కడ నడుస్తుందో, ఎలా పడుతోందో చూసి వస్తావా?"

అడుగున పడవలా వంపు తిరిగిన చెప్పులు చేయించి ఇచ్చారు. కీలు వంగకపోయినా, ఆ వంపు మీద కాలు ముందుకి దొర్లుతుంది. అవి పట్టుకుని, మీ బావగారికి సెలవున్న రోజున చిన్నదాన్ని ఆయనకి అప్పజెప్పి, తెల్లారగానే ద్వారకా నగర్ కాంప్లెక్స్‌లో భీమిలి బస్సెక్కాను.

అన్నయ్యా, నేను ఇక్కడికి వచ్చాక సముద్రాన్ని చాలాసార్లు చూశాను. కానీ సముద్రం మీద బతికేవాళ్ళని దగ్గరగా చూడడం అదే మొదలు. పొద్దు అప్పుడే పైకి వస్తోంది. పడవలు అలల వెనక వరసగా ఆగి ఉన్నాయి. ఎందుకాగాయని అడిగితే, నూకరత్నం "అల కోసం" అంది. ఎన్నో అలలు వచ్చి పోయాయి, కదలలేదు. నా కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక పడవలో ముసలాయన చెయ్యి ఎత్తాడు. ఆ పడవ ఒక అల వీపు మీదకెక్కి, దాంతోపాటే వచ్చి, అమ్మ ఒళ్ళోంచి పిల్లని దించినట్టు ఒడ్డు మీద దిగింది. చేపల్ని గుమ్మరించారు. కానాగంతలు. ఇంకా కొట్టుకుంటున్నాయి. ఎండ పడి కుప్ప కుప్పంతా వెండిలా కదులుతోంది. నేను వచ్చిన పని మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

ఆడవాళ్ళు చుట్టూ చేరి కూర్చున్నారు. పోలమ్మ దూరంగా, మెట్ట ఇసకలో నా పక్కనే నిలబడిపోయింది. కదలలేదు.

"వెళ్దాం పద," అన్నాను.

"ఎల్లి ఏటి సెయ్యాల?"

కొత్త చెప్పులు తొడిగించి, చెయ్యి పట్టుకున్నాను. పొడి ఇసకలో నాలుగడుగులు వేసిందో లేదో కాలు ఒరిగి, నన్ను కూడా లాక్కుని పడింది. కుప్ప దగ్గర నవ్వులు వినిపించాయి. నాకు ఏడుపు వచ్చినంత పనయ్యింది. ఆమె మాత్రం ఇసక దులుపుకుంటూ, "సూసేవా? ఇదే సెప్పేను మీ డాట్రు బాబుకి," అంది, నేనేదో పందెం ఓడినట్టు.

అప్పుడు నేను చెప్పులు విప్పించి, కింద తడి ఇసక దగ్గరికి దించాను. నీళ్ళు వచ్చి వెళ్ళిన చోట ఇసక గట్టిగా, నున్నగా ఉంటుంది. అక్కడ ఆమె ఒరగలేదు. మొదట నా భుజం పట్టుకుంది, తర్వాత వదిలేసింది. ఇంటి నుంచి అడ్డంగా రాకుండా, ఇలా నీళ్ళ అంచు పట్టుకుని చుట్టూ తిరిగి రావాలి. దూరం ఎక్కువే. కానీ నొప్పి లేని కాలికి దూరం ఏం చేస్తుంది?

కుప్ప దగ్గరికి వచ్చాక అసలు చిక్కు. చేపలు తెచ్చే ప్లాస్టిక్ పెట్టె ఒకటి బోర్లించి, "కూర్చో" అన్నాను. వెనక్కి తగ్గింది.

"పెద్దోళ్ళు నేల మీద కూకుంటే నాకు ఎత్తుపీటేటి? సిగ్గుసేటు."

అందరూ ఇటు చూశారు. వాళ్ళలో అందరికంటే పెద్దామె, అప్పయ్యమ్మ అట, పళ్ళు లేవు, కుప్పలో చెయ్యి తియ్యకుండానే గట్టిగా అరిచింది.

"ఓలే పోలీ! ఇన్నాళ్ళూ ఏటైపోనావే? నీ కాల్లో ఇనుము ఎట్టేరంట కదా, స్టీలు ప్లాంటోళ్ళదేనేటి?"

నవ్వులు. పోలమ్మకీ నవ్వొచ్చింది, ఆపుకుంది.

"ఎత్తుపీట మీద కూకుంటే నీ పాట ఎక్కువకి పోద్దేటి? కూకోవే. నీ సోటు అలాగే ఒగ్గీసేము, కనబడతన్నాది కాదా?"

చూశాను. నిజమే అన్నయ్యా. వలయంలో ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. ఇరుకుగా ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నవాళ్ళు అక్కడ మాత్రం ఎవరూ జరగలేదు. ఆమె రాని ఇన్ని వారాలూ అది అలాగే ఉందట. నూకరత్నం పెట్టె తీసుకెళ్ళి ఆ ఖాళీలో పెట్టింది. పోలమ్మ వెళ్ళి కూర్చుంది. కాలు చాపుకుని, ముందుకి వంగి, ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. అంతే, గొంతు లేచింది. ఆ గొంతు ఆసుపత్రిలో నేను ఎప్పుడూ వినలేదు. పాట పెంచింది, ఒకామెని తిట్టింది, ఒకామెకి వదిలేసింది, చివరికి తనకి కావలసిన గంప తను గెలుచుకుంది.

ఆ తర్వాత చూసినదే నీకు రాయాలని కూర్చున్నాను.

చెప్పులు తొడుక్కుని, నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని గంప ఎత్తించుకుంది. బస్సు దగ్గరికి ఎగువ దారి. పక్కన నడవబోయాను. అందుకోలేకపోయాను! నడక నేర్పినదాన్ని నేను, వెనకబడి ఒగరుస్తున్నాను. ఒక్క అరుగు దగ్గర ఆగలేదు. దారి మలుపులో ఉన్నట్టుండి నిలబడిపోయింది. కాలు పట్టేసిందేమోనని పరుగెత్తాను.

ఆమె పైకి చూస్తోంది.

"ఆ కొండ మీద గుడికి రంగు ఎప్పుడేసేరే?" అని అడిగింది కూతుర్ని.

"ఎప్పుడో ఏసేరమ్మా. మా పాప పుట్టకముందే."

"ఈ మేడ?"

"అదీ ఎప్పుడో కట్టేరు. రోజూ దీని ముందునుంచే కదా ఎల్తావు!"

పోలమ్మ మెడ మీద గంప బరువు నిలుపుకుని, మెల్లగా ఇటు నుంచి అటు మొత్తం చూసింది. లైట్‌హౌసు, కొండ, కొబ్బరిచెట్ల మధ్య నుంచి కనబడే సముద్రం. అదే ఊళ్ళో పుట్టి అదే ఊళ్ళో పెరిగిన మనిషి, మొదటిసారి దిగిన చుట్టంలా చూసింది.

"ఇన్నేళ్ళూ నాను నేలే సూసేనమ్మీ," అంది నాతో. "రాయుందా, గొయ్యుందా, కాలెక్కడెయ్యాల... అదే సూసేను. ఇంకేటీ సూణ్ణేదు."

ఆ వరం ఆమె అడగలేదు అన్నయ్యా. డాక్టరుగారు ఇస్తానని అననూ లేదు.

బస్సు వచ్చేలోపు ఒక్క మాట అడిగాను. నీ కోసమే అడిగాను. "పోలమ్మా, ఇదంతా ముందే తెలిసుంటే, ఆపరేషను చేయించుకునేదానివా?"

బస్సు కనిపించేదాకా ఆలోచించింది.

"సేయించుకునేదాన్నే," అంది. "గానీ ముందురోజు సంద్రం కాడికి ఎల్లి, తనివితీరా ఒకసారి కూకోని వొచ్చేదాన్ని."

ఇప్పుడు నీ సంగతి. నువ్వు పంపిన ఎక్స్‌రే ఫొటో డాక్టరుగారికి చూపించాను. ఫొటో చూసి ఖాయంగా చెప్పలేనన్నారు, మనిషి రావాలన్నారు. చూసినంతవరకు నీదీ అతికించే కాలేనట. ఆయన దగ్గర అందరికీ పోలమ్మకి అతికినట్టు అతకలేదు. ఒక మాస్టారికి రెండోసారి చేయాల్సి వచ్చింది. ఒకామెకి అతికినా కొంచెం నొప్పి మిగిలింది. అవి కూడా నీకు తెలియాలి. ఎక్కువమందికి మాత్రం నొప్పి తగ్గుతుంది, బాగా తగ్గుతుంది. కల్లంలో గొంతుక్కూర్చోవడం ఉండదు. గట్ల మీద జాగ్రత్తగా నడవాలి.

ఇంకొకటి కూడా అడిగాను. నువ్వు ఫోన్లో అడగలేదు, కానీ నీ గొంతులో ఉంది. మా అన్నయ్య తప్పెటగుళ్ళ జట్టులో ముందు నిలబడతాడని, గుండె మీద తప్పెట కట్టుకుని మనిషెత్తు ఎగురుతాడని చెప్పాను. మళ్ళీ ఎగరగలడా అని అడిగాను. డాక్టరుగారు ఫొటో మళ్ళీ తీసి చూశారు. "ఎగరలేడమ్మా. వాయించగలడు, పాడగలడు, జట్టుతో నడవగలడు. ఎగిరి ఆ కాలి మీద దిగడం మాత్రం ఇంక లేదు. రాయి, దాచొద్దు," అన్నారు. అందుకే దాచకుండా రాశాను. ఇది చదివి నువ్వు రానంటే నాకు కోపం రాదు. వస్తానంటే స్టేషనుకి మీ బావగారు వస్తారు. మా గదిలో కిటికీ పక్కన మంచం వేస్తాం, అక్కడికి పోర్టు గాలి బాగా వస్తుంది. వచ్చేముందు మాత్రం ఆ కాలితో రోజూ ఏమేం చేస్తావో అన్నీ గుర్తు తెచ్చుకో, వదినని కూడా అడుగు. ఒక్క వరం చాలనుకోవద్దు, అన్నీ ఆయన్ని అడుగు. కుదరనిది కుదరదని ఆయన చెబుతారు.

అమ్మ పాదాలకి నా దండాలు. వదినకి ప్రత్యేకంగా చెప్పు, గిన్నె పట్టుకుని గోడ దూకే మనిషి లేక నా కూరలకి రుచి లేదని. పెదనాన్నకీ, వీధిలో పెద్దలందరికీ పేరు పేరునా అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు. మీరంతా అక్కడినుంచే ఒక దీవెన విసరండి, ఇక్కడ కొంగు పట్టుకుని అందుకుంటాను.

రావాలని నీ మనసుకి అనిపిస్తే, బయలుదేరే ముందు ఒక సాయంత్రం గజ్జెలు కట్టు అన్నయ్యా. నొప్పి పుడితే పుట్టనీ. అమ్మనీ వదిననీ వాకిట్లో కూర్చోబెట్టి, తనివితీరా ఒక్కసారి ఎగిరి రా.

నీ చెల్లి,
గౌరి